కాశీబుగ్గలో బంపరు బేరం

కూర్మారావు వెల్డింగు షాపు గోడకి
మూడు బంపర్లు జారబడి ఉన్నాయి,
ఆ పూట పని దొరకని కూలీల్లా.

ఒకటి విశాఖపట్నం నుంచి వచ్చిన రెడీమేడు.
నల్లటి పూత, నాలుగు లైట్లు,
వించి కూర్చోడానికి మధ్యలో నున్నగా కోసిన కిటికీ.
అందులో నా మొహం కనబడింది.
అదే నచ్చిందని వేరే చెప్పాలా.

రెండోది గొట్టాలతో అల్లింది.
మూడోది ఇంకా బంపరు కాలేదు:
ఆరు మిల్లీమీటర్ల పలక,
అంచుల్లో గ్రైండరు గీతలు,
మీద సుద్దతో రాసిన కొలతలు.

"ఏటి లాగుతావు బావూ?"
కళ్లద్దాలు నుదుటి మీదకి నెట్టి అడిగాడు కూర్మారావు.
ఎంతలో కావాలి అంటాడనుకున్నాను.
ఇదడిగాడు.

గాలివాన వెళ్లిన మర్నాడు
కవిటి రోడ్డు మీద కొబ్బరిచెట్లన్నీ
ఒకే వైపుకి తలపెట్టి పడుకున్నాయి.
కేబిన్లో దండాసి మామ,
ఒళ్లో టవలు, టవల్లో ఆస్పత్రి పుస్తకం.
మంగళ, బేస్త, శని డయాలసిస్ రోజులు.
గాలివానకి వారాలు తెలీవు.
మోకు ఒక కొస చెట్టు మొదలుకి కట్టాం,
రెండో కొస నా పికప్పు బంపరుకి.
రివర్సు గేరు వేశాను.
బంపరు వచ్చింది. చెట్టు రాలేదు.
కుర్రాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను.
మామ కూడా నవ్వి
వాచీ చూసుకున్నాడు.

తర్వాత నులకమంచం మీద అతన్ని
పదిహేడు చెట్లు దాటించాం.
లెక్క నాది కాదు. మంచం మీంచి అతనే లెక్కపెట్టాడు,
"పదకొండు నానెక్కినవే" అని కూడా.

ఇదంతా చెప్పలేదు.
"చెట్లు" అన్నాను.

కూర్మారావు బండి కిందకి దూరాడు.
పాదాలు మాత్రం బయట ఉంచి మాట్లాడాడు:
"బంపరు కాదు బావూ లాగీది, ఛాసీ.
ఇది ఒట్టి సెయ్యి. బుజం గట్టిగుండాల."
ఛాసీ కొమ్ములకి రెండు వైపులా పలకలట,
వైపుకి ఆరేసి బోల్టులట.
ఇనుమూ వించీ కలిపి నూరు కిలోలు దాటితే
ముందు కమానుకట్టకి ఇంకో ఆకు.
రేడియేటరుకి గాలాడాలి.
హుక్కు చేతికి తగలాలి,
చీకట్లో, బురదలో, కళ్లతో పనిలేకుండా.
నేను ఇంకా ఆ నాలుగు లైట్ల వైపే చూస్తున్నాను.

పలాసలో సూది ముగించుకుని
కేబిన్లో కునుకుతున్న మామ ఎప్పుడు దిగాడో,
గోడ దగ్గరకి నడిచాడు.
వేలి కణుపుతో రెడీమేడుని కొట్టి
చెవి ఒగ్గాడు.
"లేత" అన్నాడు.
గొట్టాలని కొట్టి "ఒట్టికాయ" అన్నాడు.
పలకని కొట్టాడు. అది పెద్దగా పలకలేదు.
ఇంకోసారి కొట్టాడు.
"ఇది ముదురు."

నలభయ్యేళ్లు చెట్టెక్కిన చెయ్యి అది.
ఇప్పుడు ఆ చేతిలో నరం ఉబ్బి,
వేలు పెడితే లోపల మిషనులా రొద పెడుతుంది.

షాపు కుర్రాడు మర్యాదకి
రెండు బోండాలు కొట్టి తెచ్చాడు.
మామ తనది అందుకున్నాడు, బరువు చూశాడు,
చెవి దగ్గర ఊపి,
ఏమీ అనకుండా నాకిచ్చాడు.
రోజుకి అరలీటరు నీళ్లు అతనికి.
కొబ్బరినీళ్లు అందులో చుక్క కూడా లేవు.
రెండూ నేనే తాగాను,
హైవే వైపు తిరిగి.

అడ్వాన్సు లెక్కపెడుతుంటే
టీకొట్టు టీవీలో వాయుగుండం అంటున్నారు.
ఒరిస్సా మీదకో, మన మీదకో.
కూర్మారావు సుద్ద తీసి పలక మీద
"బేస్తవారం" అని రాశాడు.

మామ వంగి, అరచేత్తో అది చెరిపేశాడు.
"బేస్తవారం బండి నాకు గావాల.
బుదవారం రాత్రికిచ్చీ."
అరచెయ్యి పంచెకి తుడుచుకుని,
"రంగు తరవాతేసుకుందుం.
ముందు మోకు మంచిది కొను" అన్నాడు నాతో.